సముద్రపు నురుగు

కామారెడ్డి బజారులో సీతారాం మందుల దుకాణం గడప దాటి ఎముక ముక్క గానీ మాంసం ముక్క గానీ లోపలికి రాలేదని పేరు. ఆ పేరు పుట్టించింది, పెంచింది, రోజుకు పదిసార్లు గుర్తు చేసేది కూడా సీతారామే. ఆ మాట నమ్మబట్టే నీసు ముట్టని ఇళ్లవాళ్లు ఆయన మందు మింగేవాళ్లు. ఆ మాట పోయిన రోజు దుకాణం మూసుకోవలసిందేనని ఆయనకు బాగా తెలుసు.

1938 ఎండాకాలంలో ఎల్లారెడ్డి నుంచి అబ్రాహాము వచ్చాడు. బొంబాయి స్టీమర్లలో ఎనిమిదేళ్లు పనిచేసి తిరిగొచ్చినవాడు. తల్లి సాలవ్వకు చెవిలో చీము కారుతోంది. సీతారాం అతన్ని అరుగు కిందే నిలబెట్టి, తెల్లటి బిళ్ల ఒకటి చేయి తగలకుండా పైనుంచి జారవిడిచాడు.

“సముద్రపు నురుగు. ఎండి గట్టిపడితే గిట్లయితది. పొడి కొట్టి చెవుల ఎయ్యి. మీ కూరకుండల పక్కన పెట్టకు, మైలవడ్తది.”

అబ్రాహాము బిళ్లను తిప్పి చూశాడు.

“ఇది నురుగు కాదయ్యగారు, ఎముక. పది చేతుల జంతువు వీపుల ఉంటది. దానికి మూడు గుండెలు, నెత్తురు నీలం. దాని జాతిదే ఇంకోటి, తాడిచెట్టంత పొడుగుది, ఎండ సొరని లోతుల ఉంటదట. ఏడెన్ రేవుల తిమింగిలాన్ని కోస్తే కడుపుల దాని ముక్కు దొరికింది. చిలుక ముక్కు లెక్కనే, నా పిడికిలంత. పానంతోని దాన్ని చూసినోడు మాత్రం మా ఓడల ఒక్కడు లేడు.”

బల్ల మీద కూర్చున్న బేరగాళ్లు కిసుక్కున నవ్వారు.

“చూడనిదానికి గుండెలు లెక్కవెట్టిండు వీడు,” అన్నాడు సీతారాం. “ఓడల బొగ్గు మోసినోడు నాకు మందులు నేర్పుతడట. ముప్పై ఏండ్ల సంది నేను పండ్లు తోముకునేది దీంతోనేరా.”

“అయితే ఒక ముక్క నిప్పుల ఎయ్యండి. నురుగైతే వాసన రాదు.”

వీడి పొగరు అందరి ముందే అణచాలనిపించింది సీతారాంకు. ఒక చేత్తో డబ్బాలోంచి ముక్క తీసి కషాయం కాగుతున్న కుంపట్లో పడేశాడు. రెండో చేత్తో అదే నురుగు పొడి చిటికెడు నాలుక మీద వేసుకుని, చూడండన్నట్టు అందరివైపూ తల తిప్పాడు.

ముందు వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. ఆ వెనకే ఎండుచేప కాల్చిన కంపు దుకాణమంతా కమ్ముకుంది. బేరగాళ్లు కండువాలు ముక్కులకు అడ్డం పెట్టుకుని ఆయన నోటి వంకే చూస్తున్నారు.

“ఉమ్మెయ్యండి అయ్యగారు, ఏంగాదు,” అన్నాడు అబ్రాహాము మెల్లగా. “మా ఓడల కూర వండుకునేటోళ్లం ఆ జంతువుని.”

ఉమ్మితే ఒప్పుకున్నట్టే. సీతారాం అందరి కళ్ల ముందే గుటక వేశాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయనకు దాని రుచి తెలిసింది.