అరగంట వేళ్ళు

ఉదయం ఏడున్నరకు హేమమాలిని టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టేది. మొదటి పాట మొదలవగానే ఆమె కుడిచేతికి లేని మూడు వేళ్ళూ వచ్చేవి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. క్యాసెట్ ఒక పక్క అరగంట నడుస్తుంది. ఆ అరగంటలోనే కూతురు ఆర్తికి రెండు జడలు వేయాలి, కూరగాయలు తరగాలి, ఊడిన హుక్కులుంటే కుట్టాలి.

"మూడో పాట వచ్చేసింది, ఇంకా ఒక జడే అయిండాది," అని అత్త పంకజం వంటింట్లోంచి కేకేసేది. "ఈ బీన్స్ ఇంకెప్పుడు తరుగుతావు?"

టేపు టక్కుమని ఆగేది. వేళ్ళు పోయేవి. నొప్పేమీ ఉండదు. చేతిలో కత్తి ఉంటే జారి పడుతుంది, అంతే. సారం పేటలో ఆ వీధివాళ్ళందరికీ ఇది అలవాటైపోయింది. పక్కింటావిడ మల్లెపూలు కట్టించుకోవడానికి సరిగ్గా ఆ వేళకే వచ్చేది.

వేళ్ళు పోయింది 2003 మే నెలలో. తట్టాంచావడిలో రేకు డబ్బాలకు మూతలు కొట్టే చిన్న ఫ్యాక్టరీ అది. కాలితో పెడల్ తొక్కితే ప్రెస్సు ఒక దెబ్బ వేస్తుంది. మూత తీసి, కొత్త రేకు పెట్టి, మళ్ళీ తొక్కాలి. ఆమె కూర్చునే నాలుగో నంబరు ప్రెస్సు మాత్రం బాగా వేడెక్కినాక ఎప్పుడో ఒకసారి తొక్కకుండానే రెండో దెబ్బ వేసేది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. మేనేజర్ త్యాగరాజన్‌కూ తెలుసు. ఆసుపత్రిలో ఆమెకు ఇంకా మత్తు దిగకముందే అతనొక కాగితం తెచ్చి ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకుపోయాడు. అజాగ్రత్తగా చెయ్యి పెట్టానని, తప్పు తనదేనని అందులో ఉంది.

ఇంటికొచ్చాక హేమమాలిని రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకుంది. లారీ మీద పోయే భర్త నటేశన్ పది రోజులకోసారి వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని లేచిపోయేవాడు. తప్పు నాదేనేమో అని ఆమెకే అనిపించసాగింది. ఆ రోజు నిద్ర చాలలేదేమో. ధ్యాస యాడనో ఉండెనేమో.

ఒక మధ్యాహ్నం ఆర్తి ఊరికే ఉండలేక ఆ క్యాసెట్ పెట్టింది. బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రాలు నలుగురు కలిసి పాడేవాళ్ళు. 'ఉప్పుగాలి' అని పేరు పెట్టుకున్నారు. గిటార్లు రెండు, డ్రమ్ములు, గొంతు ఒక ఆటోడ్రైవర్‌ది. క్యాసెట్ వాళ్ళే చేసుకుని ఆటోలో పెట్టి అమ్మేవాళ్ళు. ప్రమాదానికి ముందు హేమమాలిని ప్రతి ఆదివారం వెళ్ళి, సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుని వినేది. అవేమీ గొప్ప పాటలు కావు. పొద్దున లేచి పనికి పోయేవాళ్ళ గురించి, వానలో సైకిల్ గురించి. కానీ ఆ గొంతు ఎక్కడా జాలిపడదు, ఎవరినీ బతిమాలదు.

రెండో పాటలో ఆమె చేతికి చీమలు పాకినట్టయింది. చూసుకుంటే వేళ్ళున్నాయి.

పంకజం గుమ్మంలోంచి చూసింది. "వచ్చినాయా? అయితే లేసి మొహం కడుక్కో. ఈ మునక్కాయలు తరగాల."

తరవాత సినిమా పాటలు పెట్టి చూశారు, భక్తి పాటలు పెట్టి చూశారు, నాదస్వరం పెట్టారు. రాలేదు. ఉప్పుగాలికి మాత్రమే వచ్చేవి.

వేళ్ళతోపాటు ఇంకొకటి కూడా వచ్చేది. పాట నడుస్తున్నంతసేపూ, తప్పు నాది కాదు అని ఆమెకు స్పష్టంగా తెలిసేది. పెడల్ మీద కాలు లేదని కాలికే గుర్తొచ్చేది. పాట ఆగితే వేళ్ళు పోయినట్టే ఆ ధైర్యమూ పోయేది మొదట్లో. తరవాత తరవాత కాసేపు నిలిచేది. కార్తీకం వచ్చేసరికి మధ్యాహ్నం దాకా ఉండేది.

జనవరిలో అనుప్రియ వచ్చింది. ఏంబలం నుంచి రోజూ బస్సులో పనికొచ్చే పంతొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగో నంబరు ప్రెస్సు మీద ఇప్పుడు తననే కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, ఒకటి అడగాల. ఆ మిషను నిజంగానే తానే దిగుతుందా?"

"దిగుతుంది."

"సార్ లేదంటాడు. నువ్వే నిద్రపోయినావంటాడు."

హేమమాలిని ఆ పిల్ల చేతులు చూసింది. లోపలికెళ్ళి క్యాసెట్ పెట్టి, కాగితం తీసుకుని కూర్చుంది. టేపు ఆగేలోపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తమిళంలో ఒకటిన్నర పేజీ రాసి, తన కుడిచేత్తో సంతకం చేసింది.

"ఎందుకమ్మా మనకు?" అంది పంకజం.

"ముద్ర వేసిన చెయ్యి నాదే గదా అత్తా. నేనే చెప్పాల."

మూడు వారాలకు ఇన్‌స్పెక్టర్ అనంతరామన్ ఫ్యాక్టరీకి వచ్చి హేమమాలినిని పిలిపించాడు. సంతకం అవసరమవుతుందేమోనని ఆమె వైరుబుట్టలో టేప్‌రికార్డర్ పెట్టుకుని వెళ్ళింది. త్యాగరాజన్ నాలుగో ప్రెస్సు మీద తానే ఇరవై దెబ్బలు కొట్టి చూపించాడు. ఒక్కటీ ఎక్కువ పడలేదు. వేలిముద్ర కాగితం చూపించాడు. తరవాత అనుప్రియను ముందుకు పిలిచాడు.

"నెలరోజులుగా నువ్వే పనిచేస్తున్నావు. ఎప్పుడైనా రెండు దెబ్బలు వేసిందా?"

అనుప్రియ నేలచూపు చూసింది. "లేదు సార్."

అనంతరామన్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"సార్," అంది హేమమాలిని. "వేడెక్కాల సార్. ఒక గంట ఆపకుండా పనిచేస్తేగానీ రాదు."

"సరే, అట్లాగే చేయిద్దాం," అన్నాడు త్యాగరాజన్. "అనుప్రియా, కూర్చో."

ఆ పిల్ల స్టూలు మీద కూర్చుంది. రేకు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లేయి పాపా," అంది హేమమాలిని. "నేను కూర్చుంటా."

ఇన్‌స్పెక్టర్ ఆమె చేతివైపు చూశాడు. ఆమె బుట్టలోంచి టేప్‌రికార్డర్ తీసి పక్క బల్లమీద పెట్టి, పాట నడిస్తే వేళ్ళు వస్తాయని చెప్పింది.

"ఎంతసేపు ఉంటాయమ్మా?"

"ఒక పక్క అరగంట సార్. రెండు పక్కలుండాయి."

"మంచిది. ప్రతి దెబ్బకూ కాలు పెడల్ మీదినుంచి పూర్తిగా తీసేయండి. నేను కాలే చూస్తుంటాను."

పాట మొదలైంది. వేళ్ళు వచ్చాయి. రేకు పెట్టడం, తొక్కడం, కాలు ఎత్తడం, మూత తీయడం. డ్రమ్ము ఎట్లా పోతే చెయ్యి అట్లా పోయింది. మిగతా మిషన్ల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపేసి నిలబడ్డారు. మొదటి పక్క అయిపోయి వేళ్ళు పోగానే అనుప్రియ క్యాసెట్ తిప్పి పెట్టింది. మళ్ళీ వచ్చాయి.

ఇనుము వేడి మొహానికి కొడుతోంది. రెండో దెబ్బ వస్తే ఏమవుతుందో హేమమాలినికి తెలుసు. ఎట్లయినా పాట అయిపోతే పోయే వేళ్ళే అనుకుంది. రేపు పొద్దున పాట పెడితే వస్తాయో రావో అని కూడా అనుకుంది. ఆర్తి జడలు గుర్తొచ్చాయి. కాలు మళ్ళీ తొక్కింది.

"పాపా, నువ్వు అటు తిరుగు," అంది తల ఎత్తకుండానే.

అనుప్రియ తిరగలేదు.

రెండో పక్కలో నాలుగో పాట సగంలో ఉంది. ఆమె తొక్కి, కాలు ఎత్తి స్టూలు కమ్మీ మీద పెట్టి, మూత కోసం చెయ్యి చాపింది. ప్రెస్సు మళ్ళీ దిగింది.

రక్తం రాలేదు. పాట ఇంకా నడుస్తూనే ఉంది, వేళ్ళు లేవు. హేమమాలిని రెండు పాదాలూ స్టూలు కమ్మీ మీదే ఉన్నాయి. అనంతరామన్ వాటినే చూస్తూ పెన్ను మళ్ళీ బయటికి తీశాడు. ఆ సాయంత్రమే నాలుగో ప్రెస్సుకు తీగ చుట్టి లక్క సీలు వేశారు.

మరునాడు ఏడున్నరకు హేమమాలిని క్యాసెట్ పెట్టింది. రెండు పక్కలూ పూర్తిగా విన్నారు ముగ్గురూ. వేళ్ళు రాలేదు. పంకజం దువ్వెన తీసుకుని ఆర్తిని తన ముందు కూర్చోబెట్టుకుంది.

వారం తిరక్కుండా అనుప్రియను పనిలోంచి తీసేశారు. మధ్యాహ్నం ఎండలో ఆమె నేరుగా హేమమాలిని ఇంటికే వచ్చింది.

"రేపటినుంచి రావద్దన్నారు అక్కా. ఇంట్లో ఏం చెప్పేది?"

"నేనూ వస్తా ఏంబలానికి, మీ అమ్మతో మాట్లాడతా," అంది హేమమాలిని. "ముందు తిను."

ఎడమచేత్తో కంచం పెట్టి, అన్నం వడ్డించి, మునక్కాయ సాంబారు పోసింది. అనుప్రియ ఏడుస్తూనే అన్నం కలుపుకుంది. అయిదు వేళ్ళూ అన్నంలో మునిగి లేస్తుంటే, ఆ పిల్ల తినడం అయ్యేదాకా హేమమాలిని ఎదురుగా కూర్చుని చూసింది.