బార్డుకు ఇంటిపేరు

పిల్లలూ, తిరుత్తణి దేవసేన పెళ్ళి కథ మీకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఈ పట్నంలో మనకు మేనత్తలు లేరు, పిన్నమ్మలు లేరు, పక్కింటివాళ్ళు తలుపే తీయరు. ముందే ఒక మాట. ఇందులో పాచిక వస్తుంది. పాచికలు నోట్లో పెట్టుకోకూడదు. చిన్నోడా, నీకే చెప్పేది.

దేవసేన రోజూ పొద్దున తిరుత్తణిలో లోకల్ ట్రెయిన్ ఎక్కి తిరువళ్లూరులో దిగేది. స్టేషన్ దగ్గర కళ్ళద్దాల షాపులో పని. వచ్చినవాళ్ళకు ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదివించి, ఏ అద్దం సరిపోతుందో చూసి రాసేది. కనపడనిది కనపడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. "పెద్దాయనా, ఊహించి చెప్పొద్దు. తెలీకపోతే తెలీదను" అనేది. షాపు ఓనరు కూడా ఆమెకు జడిసేవాడు.

ఆ షాపుకే నటరాజు వాళ్ళమ్మ చెంచమ్మను తీసుకొచ్చాడు. వాళ్ళది వెంగల్. ఊళ్ళో వరి పొలం ఉంది, అతనికి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఉద్యోగం. చెంచమ్మకు అద్దాలు వచ్చాయి. వారం తిరక్కుండా ఫ్రేము విరిగింది. బాగుచేస్తే మళ్ళీ విరిగింది. ఆ తరవాత ఇంకోసారి.

"మీ అమ్మ ఈ అద్దాల్తో వడ్లు దంచుతాందా?" అని అడిగింది దేవసేన.

నటరాజు తల దించుకున్నాడు. "లేదండి. నేనే విరగ్గొడతా ఉండా."

నిజం చెప్పినందుకు దేవసేన అతన్ని ఆదివారం ఆటకు పిలిచింది.

ఆ ఆట మీరు ఆడేదే. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిని పెట్టుకుని వాడేం చేస్తాడో చెప్తారు. చేసింది కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. దేవసేన వాళ్ళ మిద్దె మీద చాప పరిచి, సాంబారు గిన్నె మూతలో పాచిక వేసేవాళ్ళు. కథ నడిపేది ఎదురింటి చంద్రు. రూలంటే ప్రాణం పెట్టే పిల్లాడు. నటరాజుకు పెద్ద సమ్మెటతో రాక్షసులను కొట్టే వీరుడి వేషం. ఇంట్లో మాత్రం అమ్మకు ఎదురు మాట్లాడలేడు.

పెళ్ళి మాట వచ్చేసరికి చిక్కంతా ఆ అమ్మతోనే వచ్చింది. "పిల్ల బంగారం," అంది చెంచమ్మ. "ఆ పిల్ల అద్దాలు పెట్టినాకనే నా కొడుకు మొహం నాకు సరిగ్గా కనిపించింది. అయితే ఆ ఇంట్లో మగపిల్లోడు లేడే! పెండ్లిలో పిల్ల చేతిలో పేలాలు ఎవరు పోస్తారు? నా కొడుకును బావా అని ఎవరు పిలుస్తారు? బాడుగ బావమరిది మాకొద్దు."

ఆరణిలో ఒక పిల్లకు నలుగురు అన్నదమ్ములున్నారని ఆమెకు తెలిసింది. వచ్చే నెల పోయి తాంబూలం మార్చుకొస్తానంది. ఆ వారం దేవసేన షాపులో, చెవి మిషను అడగడానికొచ్చిన ఒక చెవిటాయనకు కళ్ళద్దాలు అంటగట్టబోయి నాలిక కరుచుకుంది.

ఆ ఆదివారం ఆటలో దేవసేనకు కొత్త మనిషి కావలసి వచ్చాడు. అంతకుముందు వారం ఆటలో ఆమె పెట్టుకున్న మాంత్రికురాలిని మొసలి మింగేసింది.

"బార్డును తీసుకుంటా. మనిషి బార్డు," అంది.

"పేరు చెప్పక్కా," అన్నాడు చంద్రు. "బార్డు పేరంటే వింటానే పాట వినిపించాల." ఫోను తీసి చదివాడు. "ఆల్డ్రిన్ స్టార్మ్‌వాయిస్?"

"పైపుల కంపెనీ మాదిరి ఉండాది."

"సిల్వర్‌స్ట్రింగ్ ఫెలన్?"

"పట్టుచీరల షాపు."

"కోకిల రాజా," అన్నాడు నటరాజు సిగ్గుపడుతూ.

"అన్నా, అది పెండ్లిళ్ళకు వచ్చే పాటకచేరీ పేరు," అన్నాడు చంద్రు.

బజ్జీల పళ్ళెంతో పైకొచ్చిన అలిమేలమ్మ, అంటే దేవసేన వాళ్ళమ్మ, మెట్టు మీదే ఆగింది. "ఎవరికి పేరు?"

"బార్డుకమ్మా. పాటలు పాడి, కథలు చెప్పి, మాటల్తోనే పని జరుపుకోని వచ్చేవాడు."

"మనిషేనా?"

"మనిషే అత్తా," అన్నాడు చంద్రు. "ఆటలో పొట్టోళ్ళు, పొడుగు చెవులోళ్ళు కూడా ఉండారు. వీడు మాత్రం అచ్చం మనిషి."

"మనిషయితే ఇంటిపేరేంది? ఇనిషియల్ ఏంది?"

చంద్రు మళ్ళీ ఫోను వెతికాడు. ఫోనులో అంతమంది అన్ని పేర్లు పెట్టారు గానీ, ఆ మాట ఒక్కరూ అడగలేదు.

"నాయనా ఇల్లూ లేకుండా పాటలు పాడుకుంటా తిరిగితే ఎవరు అన్నం పెడతారు?" అంది అలిమేలమ్మ. "మన ఇంటిపేరే ఎయ్యి. వేపగుంట. ఇనిషియల్ మీ నాయనది, వరదన్‌ది. మగబిడ్డ పుడితే తంగరాజు అని పెడదామని ఆయన పోయేదాకా అనుకుంటానే ఉన్నాడు. పుట్టలేదు. పేరు అట్లనే మిగిలిపోయింది."

"తంగరాజా?" చంద్రు అదిరిపడ్డాడు. "అత్తా, రేషన్ షాపాయన పేరు మాదిరి ఉండాది!"

"రేషన్ షాపాయన పాడకూడదని రూలుందా?"

చంద్రు పుస్తకం తిరగేశాడు. అలాంటి రూలు లేదు.

అలిమేలమ్మ పళ్ళెంలో బియ్యం పోసుకొచ్చి ఉంగరంతో పేరు రాయమంది. దేవసేనకు తెలుగు మాట్లాడడం తప్ప రాయడం రాదు. తమిళంలో రాసింది. "పరవాలేదు, బియ్యానికి రెండూ తెలుసు," అంది తల్లి. బార్డుకు గుర్తుగా పెట్టిన చదరంగం ఒంటెను దేవసేన చేతిలోకి తీసుకుని, చెవి ఎక్కడుంటుందో అంచనా వేసి, మూడుసార్లు పేరు చెప్పింది.

కింద ఎవరో తలుపు తట్టారు. అలిమేలమ్మ దిగి తీసింది.

నెమలీక గుచ్చిన టోపీ, చంకలో తంబురా లాంటిదేదో, కాళ్ళకు దుమ్ము. కావడి మొక్కులవాళ్ళతో నిండిన ఆ వీధిలో నెమలీకవాడిని ఎవరూ రెండోసారి చూడలేదు.

"అమ్మా, ఆకలి," అన్నాడు తంగరాజు.

"కాళ్ళు కడుక్కోని రా రా. అన్నం చల్లారిపోతాంది," అంది అలిమేలమ్మ.

అతను పైకొచ్చి దేవసేనను "అక్కా" అన్నాడు. తరవాత నటరాజు వైపు తిరిగి, "బాగుండావా బావా?" అన్నాడు. నటరాజుకు బజ్జీ గొంతుకు అడ్డం పడింది.

తంగరాజుతో ఒకటే ఇబ్బంది. కాస్త కష్టమైన పని ఏది చేయాలన్నా పాచిక వేయాలి. ఒకరోజు మార్కెట్లో వంకాయలు బేరం చేస్తే పంతొమ్మిది పడింది, కొట్టామె కరివేపాకు, కొత్తిమీరతో బాటు తన గొడుగు కూడా ఇచ్చి పంపింది. మరోరోజు ఊరగాయ జాడీ మూత తీయబోతే నాలుగు పడింది. ఆ నూనె మరక వంటింట్లో ఇప్పటికీ పోలేదు.

చెంచమ్మ తనను చూడడానికి వచ్చినప్పుడు తంగరాజు స్వాగతం పాట ఎత్తుకున్నాడు. మూడు పడింది. వీధి చివర కుక్కలు అందుకున్నాయి. చెంచమ్మ ఓపికగా చివరిదాకా విన్నది.

"పాట బాగలేదు," అంది. "అయినా నా కొడుకును బావా అని నోరారా పిలిచినాడు. చాలు. బావమరిది అన్నాక ఒక అలవాటుంటుంది. ఒకడు తాగుతాడు, ఒకడు పేకాడతాడు. వీడు పాచికేస్తాడు. అయితే ఒకటి. పేలాలు నిండుగా పిల్ల చేతిలో పడాల. మా ఊళ్ళో ఒకసారి కింద పడినాయి. ఆ సంబంధం ఏమైందో నా నోటితో చెప్పను. పడితే మాత్రం నా కొడుకును లేపుకోని పోతా."

పెళ్ళి తిరుత్తణి గుడి కొండ కింద మండపంలో. హోమం రగిలింది. పురోహితుడు "పిల్ల తమ్ముడు రావాల" అని పిలిచాడు. తంగరాజు పేలాల చేటతో నిలబడ్డాడు.

"పన్నెండు దాటాల," అన్నాడు చంద్రు.

"ఒరే, ఈ ఒక్కసారికి వదిలెయ్యరా," అంది దేవసేన పళ్ళ మధ్య నుంచి.

"రూలంటే రూలక్కా. నాకు మాత్రం ఇష్టమా?" చంద్రు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల కాదు.

తంగరాజు ఇత్తడి పళ్ళెంలో పాచిక వేశాడు. అది అంచు దాటి, కొబ్బరికాయకు తగిలి, దొర్లుకుంటూ పోయి చెంచమ్మ కాలి దగ్గర ఆగింది. దేవసేన పీటల మీద నుంచే చూసింది. ఆమె కళ్ళు పొరపాటు పడవు. రెండు.

చెంచమ్మ వంగి పాచిక తీసింది. దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. ఫోటోలో బాగుండవని తీసేసిన అద్దాలు ఆమె రొండినే ఉన్నాయి. ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు కూర్చున్నచోటే రాయిలా ఉన్నాడు. వెనక అలిమేలమ్మ, లేక లేక వచ్చిన మగబిడ్డ మోచేయి పట్టుకుని నిలబడింది.

"ఇరవై," అంది చెంచమ్మ.

"ఒకసారి చూపించండత్తా," అన్నాడు చంద్రు.

"నా కండ్లు బాగలేవంటావా? చూసిన డాక్టరమ్మ పీటల మీదనే ఉండాది. అడుగు!"

అందరూ దేవసేన వైపు తిరిగారు. అద్దాలు లేకపోతే చెంచమ్మ వెంగల్ బస్సును కూడా గుర్తుపట్టలేదని తిరువళ్లూరు జిల్లాలో దేవసేన కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

"అత్త చూపు చాలా బాగుంది," అంది దేవసేన.

తంగరాజు పేలాలు పోశాడు. దోసిలి నిండింది. నాలుగు గింజలు కింద పడ్డాయి. చెంచమ్మ వాటి మీద కాలు పెట్టి, మేళం వాయించమని గట్టిగా కేకేసింది.

ఆ పాచికను ఆమె వక్కాకు తిత్తిలో వేసుకుంది. చంద్రు ఎన్నిసార్లు అడిగినా "యాడ పెట్టినానో" అంటుంది. దాంతో తంగరాజు ఏ పని చేసినా అది కుదురుతుందో లేదో మనందరికి మాదిరే చేశాకే తెలిసేది. దేవసేన వెంగల్‌కు కాపురానికి పోయింది. అలిమేలమ్మ ఇంట్లో మాత్రం ఇప్పటికీ పొయ్యి మీద ఇద్దరికి సరిపడా ఎసరు పెడతారు. సాయంత్రం లోకల్ ట్రెయిన్లో నెమలీక టోపీ పెట్టుకుని పాడుతుంటాడే, అతనే. ఒక్కోరోజు బాగా పాడతాడు.

ఇదీ కథ. మీరు పెద్దయ్యాక ఎవరికైనా చెప్పండి, నేను చెప్పినట్టే చెప్పండి, పాచిక నోట్లో పెట్టుకోవద్దన్న మాట మరిచిపోకండి. మీ ఆటల్లో మీరూ ఎవరికో ఒకరికి పేరు పెడతారు. ఇంటిపేరు కూడా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. కానీ ముందు గుప్పెడు బియ్యం ఎక్కువ వేయండి.