తెల్లబడిన సీసా

అబిగయీలుకు కోపమొస్తే కేకలు వెయ్యదు. పెన్నుకు మూత పెట్టేస్తుంది. ఆ రోజు ఇన్‌చార్జి నరేంద్రబాబు ఆమె ముందు కాగితం పెట్టి, "ఇక్కడ ఒక సంతకం" అనగానే, ఆమె పైనుంచి కిందిదాకా చదివి, మూత బిగించి, పెన్ను సంచిలో వేసుకుంది. చూస్తున్నవాళ్ళకు విషయం అర్థమైపోయింది.

నెల్లూరులోని ఆ ప్రైవేటు ల్యాబుది కాంట్రాక్టు పని. తీరం పొడవునా గాలీ నీళ్ళూ పట్టి, పరీక్ష చేసి, అంకెలు పైకి పంపాలి. అంకెలు పంపేది నరేంద్రబాబు. ఎండలో, బురదలో దిగి సీసాలు నింపేది అబిగయీలు. పదకొండేళ్ళుగా ఆమె దిగని కాలవ లేదు. నీళ్ళు పట్టిన మనిషి సంతకం లేకుండా అంకె చెల్లదు కాబట్టి, నెలకొకసారి మాత్రం ఆమె ఆఫీసుకు ముఖ్యమైన మనిషి అయ్యేది.

ఈసారి కాగితంలో ఉన్నది బోగోలు అవతల సముద్రంలో కలిసే క్రీకు. ఆమె పుట్టిన పాళెం దాని ఒడ్డునే ఉంది. పాళేనికి ఎగువన రొయ్యల గుంటలు, దిగువన చేపపొడి ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీని ఇప్పుడు రెండింతలు చేస్తారట. దానికోసం ఎల్లుండి ప్రజాభిప్రాయ సేకరణ. అక్కడ చదవబోయే అంకె ఈ కాగితంలో ఉంది. ఫ్యాక్టరీ గొట్టానికి దిగువన నీళ్ళలో కలిసి ఉన్న ఆక్సిజన్ అయిదు పాయింటు ఎనిమిది. అంటే చేపా రొయ్యా హాయిగా బతికే నీళ్ళన్నమాట.

"ఇది వంతెన కాడ, పోటు మీద పట్టిన సీసా సార్," అంది అబిగయీలు. "అప్పుడు ఆడుండేది సముద్రం నీళ్ళు. పోటు తగ్గి నీళ్ళు తీసినాక గొట్టం కింద పట్టింది వేరే ఉండాది. దాంట్లో సున్నా వచ్చింది గదా."

"రెండూ ఒకే క్రీకు కదమ్మా."

"అట్టయితే క్రీకు దాకా పోవడం ఎందుకు సార్? మైపాడు బీచికి పోయి ఒక సీసా ముంచుకోనొస్తా."

నరేంద్రబాబు చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు మాటలని వెళ్ళిపోవచ్చు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పైనుంచి ఫోన్లు వస్తున్నాయన్నాడు. ఈ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు అయిపోతుందన్నాడు. సంతకం లేకపోతే తనేం చెయ్యలేనన్నాడు.

"చెయ్యబాకండి సార్," అంది అబిగయీలు. "ఆ సున్నా నా కళ్ళతో చూసినాను. నా చేత్తో అయిదు రాయను."

మర్నాడు పొద్దున గేటు దగ్గరే ఆపేశారు. నెలాఖరు దాకా కూడా ఆగలేదు. క్రీకు ఏ దిక్కున ఉందో తెలియని కొత్త మనిషెవరో నీళ్ళు పట్టింది తానేనని సంతకం పెట్టారని తెలిసి, ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోయినందుకు కాదు. పదకొండేళ్ళు బురదలో నిలబడి చేసిన పనిని ఇంత తేలిగ్గా అబద్ధం చేసినందుకు. అటునుంచి అటే బస్సెక్కి తమ్ముడి ఇంటికి వెళ్ళింది.

తమ్ముడు గిద్యోనుకు రెండెకరాల రొయ్యల గుంట ఉంది. అక్క చెప్పిందంతా విని, తల గోక్కున్నాడు.

"నువ్వు రేపు ఆడికి రాబాకక్కా," అన్నాడు చివరికి. "నువ్వు గొట్టం గురించి మాట్లాడితే వాళ్ళు గుంటల గురించి ఎత్తుతారు. అప్పుడు మా గతేంది?"

పాళెం గుట్టు అదీ. రొయ్య పట్టుబడి అయ్యాక గుంట అడుగున మిగిలే నల్లటి నీళ్ళను ముందు ఒక గొయ్యిలో నిలవబెట్టి, తేర్చి, తర్వాతే వదలాలి. రూలు అందరికీ తెలుసు. గొయ్యి ఎవరూ తవ్వలేదు. ఉన్న నేలంతా గుంటే అయినప్పుడు గొయ్యి ఎక్కడ తవ్వుతారు? రాత్రో పగలో గండి కొట్టి క్రీకులోకి వదిలేస్తారు. అందుకే ఆరేళ్ళుగా ఫ్యాక్టరీ కంపుకు అన్నం సయించకపోయినా, వలలో జెల్ల చేపలు పడటం మానేసినా, ఒక్కరూ అర్జీ పెట్టలేదు. ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌లు దండగ. ఊరి భయమే దానికి కాపలా కాస్తోంది.

"నీ గుంట నీళ్ళు మంచివని నేను చెప్పలేదు," అంది అబిగయీలు. "చెప్పను కూడా. తప్పు చేసినోడు నోరు మూసుకోవాలంటే, ఈ లోకంలో మాట్లాడేవోడే ఉండడు. డీవో కిట్టు ఉండాదా నీ కాడ?"

ఎందుకుండదు? రొయ్యలు పెంచే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ చూసుకునే ఆ చిన్న పెట్టె లేకుండా ఎవరూ పంట వెయ్యరు. గిద్యోను లోపలికి వెళ్ళి తెచ్చిచ్చాడు. ఇచ్చాడే గానీ, అక్క మొహంలోకి చూడలేదు.

మర్నాడు ఫ్యాక్టరీ గోడ పక్కన షామియానా వేశారు. మంచినీళ్ళ సీసాలు, బిస్కెట్లు, మైకు అన్నీ సిద్ధం. నెల్లూరు నుంచి వచ్చిన అధికారి మధ్యలో కూర్చున్నాడు. ఆయన పక్కన రాసుకునే గుమస్తా. ఫ్యాక్టరీ మేనేజరు లేచి రిపోర్టు చదివాడు. గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి, గొట్టం దిగువన ఆక్సిజన్ అయిదు పాయింటు ఎనిమిది.

వెనక వరసలో ఆదిశేషమ్మ అనే ముసలామె కిసుక్కున నవ్వింది. ఆమెను చూసి పక్కనామె, ఆమెను చూసి మగవాళ్ళు. మేనేజరుకు అర్థం కాలేదు. గుంటలో గాలి కలిపే ఏరేటర్లు నాలుగు తిప్పినా తెల్లారేసరికి ఆక్సిజన్ నాలుగు దాటించలేక చచ్చే జనం ముందు, కంపు కొట్టే కాలవలో అయిదు పాయింటు ఎనిమిది ఉందని చదివితే నవ్వక ఏం చేస్తారు? పాళెం వాళ్ళకు అంకెలు రావనుకోవడమే ఆయన చేసిన తప్పు. నవ్వారు గానీ, ఎవరూ లేచి మాట్లాడలేదు.

అబిగయీలు లేచింది.

"ఆమె ల్యాబు మనిషి సార్, ఆమెకు ఇక్కడ మాట్లాడే హక్కు లేదు," అన్నాడు మేనేజరు వెంటనే.

"నిన్న తీసేసినారు సార్," అంది అబిగయీలు. "మొన్నటిదాకా అయితే ఆయన చెప్పింది నిజమే, నోరు తెరిచేదానికి లేదు. ఇప్పుడు నేను ఈ పాళెం మనిషిని. ఎక్కువ మాట్లాడను. క్రీకు ఈడికి రెండు వందల అడుగులు. నీళ్ళు తీసి ఉండాయి. వచ్చి మీ కళ్ళతో చూడండి."

అధికారి వాచీ చూసుకున్నాడు. అలాంటి పద్ధతి లేదన్నాడు. అప్పటికే ఆదిశేషమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని క్రీకువైపు బయలుదేరింది. ఆమె వెనక షామియానా సగం ఖాళీ అయింది. ఖాళీ కుర్చీలను అడిగితే ప్రజాభిప్రాయం చెప్పవు గదా. ఆయన కూడా లేచి ప్యాంటు మడుచుకున్నాడు.

మొదట అన్నిటికంటే ఎగువన, గుంటలూ గొట్టమూ ఏవీ లేనిచోట, అబిగయీలు సీసా ముంచింది. గాలిబుడగ లేకుండా మూత పెట్టి చూపించింది. "రెండు మందులు వేస్తాం సార్. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. లేకుంటే తెల్లగానే ఉంటుంది. చిన్నబిడ్డ కూడా చెప్పగలదు." చుక్కలు వేసి తిప్పింది. సీసా ముదురు ఇటుక రంగుకు తిరిగింది.

తర్వాత గొట్టం దిగువకు దిగింది. మోకాళ్ళదాకా బురద. ఈసారి మందు వేసి సీసాను అధికారి చేతికే ఇచ్చింది. ఆయన తిప్పాడు. విరిగిన పాలలా తెల్లటి తునకలు తేలాయి. ఇంకా తిప్పాడు. తెలుపు తెలుపే. సీసా చుట్టూ తలలు మూగాయి. ఆరేళ్ళుగా ముక్కుకు తెలిసింది ఇప్పుడు కంటికి కనబడుతోంది.

మేనేజరు తెలివైనవాడు. గొంతు పెంచలేదు.

"గుంటల మురుగు కూడా చూపించమనండి సార్," అన్నాడు. "ఇవాళే ఒక గుంట వదిలారు. ఆ గండి ఎవరిదో ఈమెకు బాగా తెలుసు."

అందరూ నేల చూపులు చూశారు. గండి గిద్యోనుది. అబిగయీలు వెనక్కి తగ్గితే అధికారి చేతిలోని తెల్ల సీసా కూడా అబద్ధమైపోతుంది. తగ్గకపోతే తమ్ముడి గుంటకు తాళం పడుతుంది. ఆమె అతనివైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆడదని తెలుసు. ఎగువకు నడిచి, గండి దగ్గర వంగి, మూడో సీసా ముంచి, చుక్కలు వేసింది.

వెలిసిపోయిన పసుపు. ఇటుకా కాదు, తెలుపూ కాదు.

"ఇది కూడా తప్పే సార్," అంది. "దీంట్లో ప్రాణం సగం ఉండాది. దాంట్లో అసలు లేదు. రెండూ రాయించండి. ఒకటి రాసి ఒకటి మానేస్తే మాత్రం ఒప్పుకోను."

గుమస్తా పెన్ను పట్టుకుని అడిగాడు. "ఈ గుంట ఎవరిది?"

అబిగయీలు నోరు తెరవబోయింది. ఆమెను పక్కకు జరిపి గిద్యోను ముందుకొచ్చాడు.

"నాది సార్. గిద్యోను, రెండెకరాలు. తేర్చే గొయ్యి తవ్వలేదు, తవ్వతాను. ఏం వేస్తారో వెయ్యండి. నా మురుగు నా పేరుతో రాయండి. ఆ గొట్టం వాళ్ళ పేరుతో రాయండి."

గుమస్తా రాసుకున్నాడు. జనంలోంచి మస్తానయ్య చెయ్యెత్తాడు. "నాది మూడెకరాలు. నేనూ తవ్వలేదు. రాసుకో." ఆ తర్వాత పెంచలయ్య. ఆ తర్వాత ఆదిశేషమ్మ, కొడుకు వద్దని చెయ్యి లాగుతున్నా విదిలించుకుని. ఆరేళ్ళు దాచుకున్న తప్పును పాళెం పేరు పేరునా చెప్పేసింది. గుమస్తాకు కాగితం చాలక వెనక్కి తిప్పాడు.

పేర్లు అయిపోయాయి. గుమస్తా తలెత్తాడు. అబిగయీలు అధికారి చేతిలోంచి తెల్ల సీసా తీసుకుని మేనేజరు ఎదుటికొచ్చి నిలబడింది.

"మాదంతా అయిపోయింది సార్," అంది. "ఇంక మీరే మిగిలినారు. చెప్పండి, రాసుకుంటారు."