తెగింది అతుకు కాదు

గుర్రపు నాడా అనుకుని నన్ను గుమ్మానికి కొట్టేరు సుమా! నేను ఒక ఉక్కు పట్టీని. ఒకప్పుడు తిన్నగా, జానెడు పొడవుండేదాన్ని. వంచి చూడటానికే తయారుచేశారు కాబట్టి వంచినందుకు నాకెవరి మీదా కోపం లేదు. బాధల్లా ఆ తర్వాత జరిగినదాని గురించే.

మామూలు ఇనుము కాదు నాది. క్రోమియం, మాలిబ్డినం కలిపి పోసిన మిశ్రమలోహం, బాయిలర్లకు వాడే జాతి. గొప్పలు పోతున్నానంటారా? అనుకోండి. చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ పుట్టుకొక్కటే.

గాజువాకలో ఒక షెడ్డులో నన్ను రెండు పలకలుగా పైడితల్లి చేతికిచ్చి అతకమన్నారు. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. రెండేళ్లుగా అక్కడ గ్రైండింగు చేస్తూ, అందరూ అన్నాలకు వెళ్లిన వేళ పారేసిన ముక్కల మీద వెల్డింగు నేర్చుకుంది. పరీక్ష నెగ్గితే బాయిలర్ల పనిలోకి వెల్డరుగా తీసుకుంటామన్నారు. ఆ పనిలో అంతవరకూ ఆడమనిషి లేదు. ఆమె నన్ను అతికిన తీరు ఇంకా గుర్తే. తొందర పడలేదు, చెయ్యి వణకలేదు. ఒక వరస పోసి, పైన కట్టిన పెంకును సుత్తితో రాల్చి, బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఇంకో వరస. చివరికి నేనెక్కడ రెండుగా ఉండేదాన్నో నాకే తెలియలేదు.

అక్కణ్ణించి పరీక్షల లాబుకు వెళ్లాను. అక్కడ పట్టీలు తయారుచేసేది కామేశంగారు. పలకలోంచి నన్ను కోసి, అతుకు మీది ఎత్తును చదునుచేసి, అంచుల పదును ఆకురాయితో పోగొట్టారు. మిగిలింది, పట్టీ ఎవరిదో తెలిసేలా ఉక్కు అచ్చులతో నంబరు కొట్టడం. నంబరు కొసనే కొట్టాలి. వంచినప్పుడు సాగేది నడుమే కాబట్టి అక్కడ లోతుగా గాటు పడితే లోహం అక్కణ్ణించే విచ్చుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంగతి చెప్పేది కూడా ఆయనే. కానీ ఆయనకొక మురిపెం ఉండేది. తను కొట్టిన అంకెలు ముత్యాల్లా కనబడాలి. నా కొసలేమో గ్యాసుతో కోసినవి, నల్లగా గరుకుగా ఉన్నాయి. నడుమ అప్పుడే అద్దంలా మెరుస్తోంది. ఆయన చెయ్యి ఊరుకోలేదు. అతుకు పక్కనే నాలుగు, ఏడు, ముచ్చటగా దిగ్గొట్టారు.

ప్రెస్సులో రెండు రోలర్ల మీద నన్ను పడుకోబెట్టి, పైనుంచి గుండ్రటి పిన్నుతో నడుం మీద నొక్కారు. వంగాను. అతుకు ఒట్టేసినట్టు పట్టుకునే ఉంది. ఏడు అంకె కాలి దగ్గర మాత్రం సన్నగా చిట్లింది. ఆపుకోవాలని ఎంత చూశానో! ఆ చిట్లు పాకి అతుకు అంచుదాకా వచ్చేసింది.

రైలు అందుకోవాల్సిన ఇన్‌స్పెక్టరు నన్ను వెలుతురుకెత్తి, స్కేలు పెట్టి కొలిచాడు. "చిట్లు ఐదు మిల్లీమీటర్లు. మూడు దాటితే ఫెయిల్."

పైడితల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "ఒక్కపాలి మళ్లీ సూడండి బాబూ. నాను బాగానే ఏసినాను."

"బాగా వేస్తే ఎందుకు తెగుతుందమ్మా?" అంటూ ఇన్‌స్పెక్టరు నన్ను కామేశంగారికి అందించి కాగితాల మీద సంతకానికి వంగాడు.

కామేశంగారి బొటనవేలు నా ఒంపు మీద జరుగుతూ వచ్చి ఏడు దగ్గర ఆగిపోయింది. ఆయన నోరు తెరిచారు. సంతకం పూర్తయింది. ఆయన నోరు మూసుకున్నారు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క అంకెతో పోతుందని భయపడ్డారో ఏమో! నాకు మాటొచ్చుంటే ఆ క్షణాన అరిచేదాన్ని.

నన్ను పారేయలేక ఆయన సొరుగులో దాచారు. రిటైరైన రోజున పక్కనున్న శిక్షణ కేంద్రానికిచ్చి, "పనికొస్తుంది, ఉంచండి," అని మాత్రం అన్నారు. వాళ్లు నన్ను బోర్డుకు తీగతో కట్టి, కింద 'చెడ్డ వెల్డింగు' అని చీటీ అంటించారు. ఎందరో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వారు. పైడితల్లి పనిని చూసి నవ్వుతున్నారే అని నాకు ప్రాణం చచ్చిపోయేది.

పదకొండేళ్ల తర్వాత ఒక ఉదయం ఆ గది ఊడ్చడానికి కొత్తగా వచ్చిన మనిషి బోర్డు తుడుస్తూ నా దగ్గర ఆగింది. పైడితల్లే! నన్ను కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"మాస్టారూ, ఇది అతుకు కాడ తెగనేదు. అంకె కాడ మొదలైనాది."

అక్కడ పాఠాలు చెప్పే మాస్టారు భూతద్దం పెట్టి చూశాడు. "నిజమే! ఎవరిదో పాపం."

"నాదే బాబూ. ఆ నలభై ఏడు నా నంబరే. నా సెయ్యే మంచిది కాదనుకున్నాను, ఇన్నేళ్లూ. మరి ఓల్డింగు జోలికెల్లనేదు."

మాస్టారు పాత చీటీ చింపేసి 'నంబరు నడుమ కొడితే ఇలా తెగుతుంది' అని కొత్తది రాసి అంటించాడు. ఆమె నన్ను బోర్డు మీద సర్దుతూ, "కామేశం బాబుగోరికి ఈ సంగతి తెలీదు గావాల," అంది. "తెలిస్తే సెప్పీవోరే. మంచోరు. ఆ దినం ఏడుస్తంటే నాకు మంచినీళ్లిచ్చినారు."

చీపురు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. ఆయనకు తెలుసునన్న సంగతి కొత్త చీటీలోనూ లేదు.