మణిక్కుట్టి కడుపులో సంచులు

తన మాట నమ్మినందుకు రోసమ్మ చేడత్తి ఆవు చచ్చిపోతుందేమోనన్నదే బిన్సీ భయమంతా. అందరూ చేడత్తి, అంటే అక్క, అని పిలిచే ఆ ముసలామెకు తన ఆవు మణిక్కుట్టి పాలు తప్ప వేరే ఆధారం లేదు.

పంచాయతీ వార్డులో ఎరువు తొట్లు చూసుకునేది బిన్సీయే. చేడత్తి పాకలోంచి పచ్చి పేడ తెచ్చి పరిచి, దానిమీద వంటింటి చెత్త, ఎండుటాకులు పొరలుగా వేస్తుంది. మట్టిలో కలిసిపోయే కొత్తరకం సంచుల్ని కూడా పేడలోని కంటికి కనబడని జీవులే తినేస్తాయని శిక్షణలో చెప్పారు. అందుకే పెళ్ళివారింటి పనస తొక్కలు అలాంటి సంచుల్లో వచ్చినప్పుడు, సంచి విప్పి ఆవుకు పెట్టాలా అని చేడత్తి అడిగితే బిన్సీ నవ్వేసింది.

"ఆ జీవులు వచ్చేదే దీని కడుపులోంచి కదా చేడత్తీ. తొట్లో అరిగేది కడుపులో అరగదా?"

ఆ పెళ్ళయి నెల తిరగలేదు. ఇప్పుడు మణిక్కుట్టి నెమరు వెయ్యడం లేదు. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది.

బిన్సీ తన చంటిదాన్ని చంకనేసుకుని తొట్ల దగ్గరికి పరుగెత్తింది. పెళ్ళిరోజు మిగిలిన సంచుల్ని మూల తొట్లో వేసింది తనే. పారతో తవ్వితే ఆవిరి కొట్టింది. నడిమధ్య, చెయ్యి పెట్టలేనంత వేడిలో, సంచి ముట్టుకుంటే పీలికలైపోయింది. అంచున మాత్రం సంచి సంచిలాగే ఉంది. అక్కడ వెచ్చదనం చంటిదాని ఒంటి వెచ్చదనమంతే.

ఆవు ఒళ్ళు మాత్రం అంతకంటే ఎంత వేడి? ఆ వేడికి సంచి అరగదు. బిన్సీ పార అక్కడే పడేసి వెనక్కి పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి పశువుల డాక్టరు ఉబ్బరం తగ్గడానికి ఆవుకు నూనె తాగించబోతున్నాడు.

"ఆగండి సారూ. వట్టి ఉబ్బరం కాదు. సంచులు మింగింది. పెట్టమన్నది నేనే."

చేడత్తి ఆమెకేసి చూసింది. "ఏడో క్లాసు గట్టెక్కనిదాని మాట వేదమనుకున్నాను. నన్నూ ఆ తొట్లోనే వేసి పేడ కప్పవే."

"తిట్లు తరవాత," అన్నాడు డాక్టరు. "డొక్క కొయ్యాలి. బతుకుతుందని మాత్రం చెప్పలేను."

మోచేతిదాకా చెయ్యి పెట్టి, తాళ్ళలా మెలిపడ్డ సంచుల్ని లాగాడు. కుట్లు పడ్డాయి. ఆవు నిలబడింది గానీ దవడ కదపలేదు.

"అది నెమరు వేసేదాకా నా గుమ్మం తొక్కకు," అంది చేడత్తి.

బిన్సీ రెండిళ్ళకూ మధ్యనున్న కాలవకు ఇవతలే ఉండిపోయింది. ఇక్కణ్ణుంచి పాక కప్పు తప్ప ఏమీ కనబడదు. మీలో ఎవరైనా ఆవలి రేవులో పడవ దిగితే, ఒక్కసారి లోపలికి తొంగి చూడండి. మణిక్కుట్టి దవడ ఆడుతోందో లేదో చూసి, బిన్సీకో కబురు చెప్పి వెళ్ళండి.