నల్లనూనె పంపకం

రాయమల్లు బస్తాల మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి లక్సెట్టిపేటలో ఆ ఇంటిముందు రెండు శాల్తీలు కదలకుండా పడి ఉన్నాయి. ఒకటి లారీ, రెండోది రాయమల్లు. రెంటిలోకీ లారీయే నయమని అతని భార్య అనసూర్య అభిప్రాయం. అది మాటిమాటికీ మంచినీళ్లు అడగదు.

ఆ పొద్దున డ్రైవర్ కొండల్ మంచిర్యాల నుంచి కబురు మోసుకొచ్చాడు. ఎరువుల వ్యాపారి రామచంద్రం, పొద్దు నెత్తిమీదికి రాకముందే గూడ్స్ షెడ్డు దగ్గర బండి ఉంటే మిరుగం కార్తె ఎరువు బస్తాలన్నీ వీళ్లకే ఇస్తానన్నాడు. లేకపోతే మెట్‌పల్లి లారీకి. ఈ సీజను కూడా తప్పితే బండిని అమ్మేయడమేనని రాయమల్లు ఇదివరకే తేల్చి చెప్పాడు.

"నూనె మార్చకుండ బండి తియ్యద్దు," అన్నాడు రాయమల్లు మంచం మీంచే. "తారు లెక్కయింది. గా నూనెతోని పోతే నడిమిట్లనే ఇంజను పట్టేస్తది."

కొత్త నూనె డబ్బా ఇంట్లోనే ఉంది. మార్చాల్సిన క్లీనరే చెల్లెలి పెళ్లని ఊరికి పోయాడు.

"కొండల్, నువ్వు మార్చరాదు?" అంది అనసూర్య.

"గదెట్లక్కా? స్టీరింగ్ పట్టినోడు బండి కిందికి దూరితే రేపు నలుగురు డ్రైవర్ల నడుమ కూసుంటనా?"

"అయితే నేను దూరుత. నాకు డ్రైవర్ల నడుమ కూసునే పని లేదు," అని ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది.

రాయమల్లు మోచేతి మీద లేవబోయాడు. "ఏమే, పానా పట్టుడన్న తెలుసా నీకు?"

"చెప్పేటోడివి నువ్వున్నవ్ కదా. విరిగింది కాలే, నోరు బాగనే ఉన్నది."

అతన్ని మంచంతో సహా వాకిట్లోకి జరిపారు. నూనె వేడెక్కితేనే మడ్డితో సహా దిగుతుందని చెప్పాడు. కొండల్ కాసేపు ఇంజను తిప్పి ఆపాడు. అనసూర్య గోనెసంచి పరుచుకుని, పెద్ద గంగాళం ముందుకు తోసి, లారీ కిందికి పాకింది.

"ఎడమకు తిప్పు!"

"నీ ఎడమనా, నా ఎడమనా?"

రాయమల్లు ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్లలో ఏ క్లీనరూ ఆ ప్రశ్న వేయలేదు. అతను తేల్చేలోపే పానా మీద ఆమె బరువంతా వేసింది. ఇంజను అడుగున నూనె దిగే బోల్టు కిర్రుమని కదిలింది. ఆఖరి చుట్టు వేళ్లతో విప్పేసరికి, కాగిన నూనె మణికట్టు మీద పడింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. బోల్టు బుడుంగుమని గంగాళంలో మునిగింది.

"పోనీ, చల్లారినంక తీస్త," అనుకుని, నూనె కారడం ఆగాక గంగాళాన్ని పక్కకు జరిపి, ఫిల్టరు విప్పి డీజిలుతో కడగడానికి కూర్చుంది.

ఆ వాడలో లారీ నల్లనూనెకు పిలుపు అక్కర్లేదు. ఇంజను కిందికి గంగాళం పోయిందంటే చాలు, చిప్పలూ సీసాలూ వాటంతటవే బయల్దేరతాయి. బండి ఇరుసుకు, బావి గిలకకు, చెద పట్టిన వాసానికి, దేనికైనా అదే మందు. రాయమల్లు ఎవర్నీ కాదనడు. ఊళ్లో అతనికున్న మర్యాదలో సగం ఆ నూనెదే.

"కోడలా, ఇరుసుకు జరంత ముంచుకుంటున్న," అన్నాడు ఎదురింటి సాంబయ్య మామ.

"ముంచుకో మామా," అంది అనసూర్య, ఫిల్టరులోంచి తల ఎత్తకుండానే.

ఆ తర్వాత ఎవరడిగినా అదే జవాబు. ఆమె లేచి చూసేసరికి బోల్టూ లేదు, గంగాళమూ లేదు.

"గసొంటి బోల్టు మంచిర్యాలలనే దొరుకుతది," అన్నాడు కొండల్.

"బోల్టుంటేనే కదా మంచిర్యాల పోయేది!"

రాయమల్లు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. "ఇగ అయిపాయె. అమ్ముడే."

అనసూర్యకు ఏడుపు రాలేదు, చిరాకు వచ్చింది. బోల్టు ఇనుప ముక్క, తేలేది కాదు. అందరూ పైపైన ముంచుకున్నారు. అడుగుది ఎవరికి పోయింది?

"గంగాళం ఎవరు తీస్కపోయిండ్రు?"

"రామవ్వ," అన్నాడు దుప్పట్లోంచి.

రామవ్వ రాయమల్లు అక్క. వెనకింట్లోనే ఉంటుంది. అన్నిటికీ ఆఖరున వచ్చి, తనకు ఆఖరిదే మిగిలిందని అలుగుతుంది. ఆమె అప్పటికే మడ్డినంతా బర్రెల కొట్టంలో గుంజ మొదట్లో చెదల బొక్కలోకి ఒంపేసింది.

"సొంత తమ్ముని బండి నూనెల నాకు మడ్డి మిగిల్చిండ్రు. మళ్ల గదానికి గూడ వచ్చినవా?"

"మడ్డి నువ్వే ఉంచుకో వదినె. గందుల మా బోల్టున్నది. జర తవ్వుకుంట."

"తవ్వితే గుంజ ఒరుగుతది, కొట్టం కూలుతది. ముట్టితే ఊకోను!"

అనసూర్య గుంజను చూసింది, దూలాన్ని చూసింది, గుమ్మంలో నిలబడ్డ కొండల్‌ను చూసింది.

"కొండల్, గీ దూలం భుజం మీద పట్టు."

"నేనా?"

"బండి కిందికి దూరవు సరే. కొట్టం కిందికి దూరితే డ్రైవర్లు ఏమనరు."

అతను భుజం ఆనించాడు. బర్రె అతని అంగీ వాసన చూసి, నచ్చక తల తిప్పుకుంది. అనసూర్య కొడవలితో మట్టి పెళ్లగించి, బొక్కలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. రాయి తగిలింది. తీసి పారేసింది. ఇంకో రాయి. చెదలు పీకుతున్నా చెయ్యి తీయలేదు. భుజం దాకా నెట్టి, చెంప మట్టికి ఆనించి వెతికింది. చివరికి మూలలున్న బోల్టు తల వేళ్లకు తగిలింది. రాగి వాచరు కూడా దానికే అతుక్కుని ఉంది.

బొక్కలో రాళ్లు కూరి, గుంజను తట్టి చూసింది. డబడబమని మోగింది. "వదినె, నీ గుంజ లోపలంత డొల్లే."

"గందుకే చెప్తున్న, మంచి నూనె నాకు ముందుగాల పొయ్యిండ్రని!" అంది రామవ్వ.

బోల్టు కడిగి బిగిస్తుంటే రాయమల్లు మొహం మీది దుప్పటి తొలగింది. "వాచరు ఏసినవా? ఇంకొంచెం బిగియ్యి. చాలు! మస్తు బిగిస్తే మర కోసుకపోతది." ఫిల్టరూ బిగించాక కొత్త నూనె తేనెరంగులో సన్నగా దిగింది. గేజు కడ్డీ ముంచింది, తుడిచింది, మళ్లీ ముంచింది. గీత దగ్గర ఆగింది. కొండల్ బండి స్టార్ట్ చేయగానే నూనె మీటరు ముల్లు కదిలి పైకి లేచింది. అనసూర్య పానా పట్టుకుని క్యాబిన్ ఎక్కింది.

"నువ్వెటు?" అన్నాడు రాయమల్లు.

"బోల్టు సడలితే ఎవరు బిగిస్తరు?"

"మరి నా బువ్వ?"

"మీ అక్కనడుగు. మడ్డి సంగతి గూడ వింటువు."

సగం దారిలో బండి ఆపించి కిందికి దూరింది. బోల్టు చుట్టూ వేలు రాసి చూసింది. పొడిగా ఉంది.

గూడ్స్ షెడ్డు దగ్గర మెట్‌పల్లి లారీ ఒకటి వెనక తలుపు తెరుచుకుని సిద్ధంగా నిలబడి ఉంది. రామచంద్రం ఎండలోకి వచ్చి తన కాళ్ల దగ్గర నీడను చూసుకున్నాడు. అది ఇంకా కాస్త పక్కకే ఉంది.

"బండి వచ్చింది సరే. నడిమిట్ల ఆగుతదా ఏంది?"

"నూనె మార్చినం, ఆగది."

"ఎవరు మార్చిండ్రు?"

అనసూర్య మోచేతుల దాకా నల్లగా ఉన్న చేతులు చూపించింది. ఆయన ఆ చేతులను చూశాడు, నూనె మచ్చ లేని కొండల్ తెల్లటి చొక్కాను చూశాడు. హమాలీల వైపు తిరిగి, "గీ బండికే ఎక్కియ్యిండ్రి," అని కేకేశాడు.