గొడుగు పట్టిన చెయ్యి

మూడో పార్టీలోకి దూకిన పెద్దాయనకు దర్జాగా నవ్విన ఫోటో ఒక్కటే ఉంది. ఖర్మ కాకపోతే, అందులోనూ వెనకంతా పాత పార్టీ జెండాలే. పక్కన గొడుగు పట్టుకుని కుళ్లాయప్ప.

గొడుగు పట్టడంలో కుళ్లాయప్పది పదిహేనేళ్ల సర్వీసు. జమ్మలమడుగులో పెద్దాయన మీదికొచ్చిన నాటుబాంబును అడ్డుకుని రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఈసారి ఫ్లెక్సీలో నీ బొమ్మ కూడా వేయిస్తానని పెద్దాయన మాటిచ్చాడు. భార్య సుంకులమ్మ ఆ సంగతి రాజుపాలెంలో గొర్రెలకు తప్ప అందరికీ చెప్పేసింది.

ఫోటో ఉన్న పెన్‌డ్రైవ్‌ను కుళ్లాయప్పే ప్రొద్దుటూరులోని షరీఫా ఫ్లెక్సీ షాపుకు తెచ్చాడు.

"నెట్‌లో పెట్టాకు పాపా. పాత జెండాల ఫోటో పులివెందులలో మా పగోళ్లకు చిక్కితే ఊరంతా అంటిస్తారు."

"నెట్‌తో పన్లేదు మామా, అంతా ఈ కంప్యూటర్లోనే అయితాది. ఈ ప్రోగ్రాము ముందుండే మనిషిని ఉంచుతాది, వెనకుండేది తీసేస్తాది." షరీఫా నల్లటి తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొట్టింది.

"ముందెవరో వెనకెవరో దానికెట్ల తెలుస్తాది?"

"దానికి తోచినట్ల."

ఏరు దాటి తెప్ప తగలేయడానికి పెద్దాయనకు ఏళ్లు పట్టింది. ఆ ప్రోగ్రాముకు నాలుగు సెకన్లు చాలాయి. జెండాలు పోయాయి, కుళ్లాయప్పా పోయాడు. పెద్దాయన, గొడుగు, దాని కాడను పట్టుకున్న మూడు వేళ్ల చెయ్యి మిగిలాయి.

కుళ్లాయప్ప తెర మీదికి వంగాడు. "నన్నూ పెట్టు పాపా. మాటిచ్చినాడు."

"నిన్ను మళ్లా కోసి అతికిస్తాలే. ముందు ఆయనకు చూపిద్దాం." జెండాలు లేని బొమ్మ కింద 'సీమ శాంతిదూత' అని రాసి పెద్దాయన ఫోన్‌కు పంపింది.

పెద్దాయన వెంటనే కుళ్లాయప్పకు ఫోన్ చేశాడు. "శానా బాగుంది. ఆ చెయ్యి ఎవురిదిరా? వేళ్లు లేకుండా అసయ్యంగా ఉంది. మంచి చెయ్యి పెట్టమను."

"అది నాదేనన్నా."

"ఏమనుకోవాకు కుళ్లాయప్పా. శాంతి అని రాసి ఆ చెయ్యి పెడితే జనం నవ్వుతారు. నువ్వు యాడికి పోతావు, మళ్లీసారి చూద్దాం."

ఫోన్ పెట్టేశాడు. షరీఫా తలెత్తలేదు. "ఏం చేద్దాం మామా?"

"చెయ్యి తీసేయ్. గొడుగూ తీసేయ్."

"ఆయన ఎండలో నిలబడతాడే."

"నిలబడనీ. పదైదేండ్లు నేను నిలబడింది ఆడనే."

పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు. బస్టాండులో రాజుపాలెం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని వదిలేసి పులివెందుల బస్సెక్కాడు.